ఎనిమిది గజాల మొండితనం

ఆవుల్ని అమ్మేశాక మా ఆయన వంటింట్లో మేయడం మొదలుపెట్టాడు.

పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని, కిటికీలోంచి ఖాళీ కొట్టం వైపు చూస్తూ, చేతికందినదల్లా నములుతూ రెండు చలికాలాలు వెళ్లబుచ్చాడు. బిస్కెట్ల డబ్బా ఎక్కడ దాచినా దొరికిపోయేది. కాస్త అంగడికి వెళ్లి రమ్మంటే, "నువ్వే వెళ్లు ఎఫీ, ఏది ఎక్కడుందో నీకే తెలుసు" అనేవాడు. బాల్‌నెరిన్‌లో ఉన్నది ఒకే అంగడి, అందులో ఉన్నవి మూడు అరలు. చర్చికి రాడు, పబ్బుకి పోడు. ఎవరైనా వాకిట్లో కనిపిస్తే చాలు, కొట్టంలో పనుందంటూ లేచి పోయేవాడు. ఆవుల్లేని కొట్టంలో పనేమిటని అడిగితే ముఖం మాడ్చుకునేవాడు. డూగల్డ్ గాల్‌బ్రెయిత్‌ని కట్టుకున్న నాటినుంచీ నాకు ఓపిక ఎక్కువని ఊళ్లో పేరు. ఆ రెండేళ్లలో అది అడుగంటింది.

అందుకే ఆ ఏడు మే నెలాఖరున మా మరిది సోర్లీ వచ్చి గుమ్మంలో నిలబడి అడిగిన మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. సోర్లీ మా ఆయన చిన్నాన్న కొడుకు. ఊళ్లో ఉత్తరాలు పంచేది వాడే, ఊరి కబుర్లు పంచేదీ వాడే.

"వదినా, అన్నయ్య బరువెంత ఉంటాడు?"

"దేనికి? సంతకి తోలుకుపోతావా?"

"తాడుకి."

ఆగస్టులో జరిగే ఊరి ఆటల్లో గ్లెన్‌ఫార్ వాళ్లకీ మాకూ తాడు లాగుడు పోటీ. మా జట్టులో తాడు చివర నిలబడే హెక్టర్‌కి వీపు పట్టేసింది. చివరి మనిషంటే జట్టుకి గుంజ లాంటివాడు. ముందున్న ఏడుగురు ఎంత లాగినా వాడు కదిలితే అందరూ పోయినట్టే. కప్పు గ్లెన్‌ఫార్ వాళ్ల పబ్బులో ఎన్నేళ్లుగా ఉందంటే, అది తమ ఊరి సొత్తే అని అక్కడి పిల్లలు నమ్ముతున్నారు.

"నేను రాను" అన్నాడు మా ఆయన పేపరు వెనకనుంచి.

"ఒక్కసారి వచ్చి పట్టుకుని చూడు అన్నయ్యా. నచ్చకపోతే నీ కుర్చీ ఎక్కడికీ పోదు."

"కుర్చీని నేను పొయ్యిలో పెట్టేస్తాను" అన్నాను నేను.

ఆ సాయంత్రం సణుగుతూ వెళ్లినవాడు చీకటి పడే వేళకి వచ్చాడు. అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి. బూట్ల నిండా బురద. వచ్చీ రాగానే పీట మీద కూలబడి నవ్వడం మొదలెట్టాడు. చెట్టు కొమ్మకి కప్పీ కట్టి, సిమెంటు దిమ్మెలు వేలాడదీసి లాగిస్తున్నారట. కుర్రాళ్లందరూ ఒకేసారి గుంజి ఒకేసారి జారిపడుతున్నారట.

"దూడని బయటికి లాగడం ఒక్కడికీ రాదు ఎఫీ. ఆవు నొప్పులు తీసినప్పుడే మనం లాగాలి. మిగతాప్పుడు పట్టుకుని ఉండాలి, అంతే. అది చెప్పేసరికి నోళ్లు తెరిచారు."

కీమా, బంగాళదుంపలు రెండు పళ్లేలు తిన్నాడు. ఊసుపోక కాదు, ఆకలితో. నేను గిన్నెలు కడుగుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను.

జూన్ అంతా అలాగే గడిచింది. మంగళవారం, శుక్రవారం పొద్దువాలగానే బూట్లు తొడుక్కుని నాకంటే ముందే గుమ్మంలో ఉండేవాడు. బిస్కెట్ల డబ్బా నిండుగా ఉండడం మొదలెట్టింది. ఇల్లు ఒక దారిన పడిందనుకున్నాను. అనుకున్నానో లేదో, అంగట్లో నెట్టా తగిలింది.

నెట్టా అంగడి యజమానురాలు, ఆటల కమిటీకి కార్యదర్శి, ఏ సంగతిలోనైనా ఆఖరి మాట ఆమెదే. చక్కెర పొట్లం నా ముందుకి తోస్తూ, "మీ ఆయనకి కిల్ట్ ఉందా?" అంది. కిల్టంటే మావైపు మగవాళ్లు వేడుకలకి నడుముకి చుట్టి మోకాళ్లదాకా కట్టుకునే గళ్ల ఉన్ని గుడ్డ.

"పెళ్లినాడు కూడా సూటే వేసుకున్నాడు."

"అయితే ఒకటి చూడు. కిల్ట్ కట్టనివాణ్ణి తాడు ముట్టుకోనివ్వం. తాతలనాటి రూలు."

"అదెంత పని" అన్నాను. నిజంగానే అలా అన్నాను.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన తింటున్న చెంచా కింద పెట్టి, "నేను పావడా కట్టను" అన్నాడు.

"పావడా ఏమిటి, మీ నాన్న కట్టాడు, మీ తాత కట్టాడు."

"షార్ట్‌బ్రెడ్ బిస్కెట్ల డబ్బాల మీద బొమ్మలు కూడా కడతాయి. నేను డబ్బా మీది బొమ్మని కాను."

సరే, ఒక పూట అలకే అనుకున్నాను. మర్నాడు అటక మీది పెట్టెలోంచి మా నాన్న కిల్ట్ తీసి, దులిపి, ఆవిరి పట్టి, కుచ్చిళ్లు సర్ది మంచం మీద పరిచాను. మాలో ఒక్కో ఇంటిపేరుకి ఒక్కో రకం గళ్లు. చూసి, "ఇవి మీ వాళ్ల గళ్లు. గాల్‌బ్రెయిత్ ఇంట పుట్టినవాడు మెకెక్రన్ గళ్లు కట్టుకుంటే మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడు" అన్నాడు. వాళ్ల నాన్న బతికుండగా భోజనానికి పిలిచినా లేచేవాడు కాడు.

సోర్లీ వాళ్లింట్లో చిన్నాన్నగారి కిల్ట్ ఉందని కనుక్కున్నాను. అది గాల్‌బ్రెయిత్ గళ్లదే. ఆయనా ఆంబోతులాంటి మనిషే. తెచ్చి పెట్టాను. "నడుం చాలదు" అన్నాడు. బకిల్స్ ఊడదీసి జరిపి కుట్టాను. ఎనిమిది గజాల ఉన్ని. సూది దిగదు, వేళ్లు బొబ్బలెక్కాయి. అయింది, కట్టుకోమన్నాను. "నుసుములు కాళ్లు పీక్కుతింటాయి" అన్నాడు. నుసుములకి రాసుకునే నూనె తెచ్చాను. "చలి" అన్నాడు.

"చలా? జనవరిలో తెల్లవారకముందే చొక్కా చేతులు మడిచి పాలు పితికినవాడివి, ఆగస్టులో నీకు చలా?"

"పాలు పితికింది చేతులతో. మోకాళ్లతో కాదు."

ఆ మాట విని కూడా నాకు ఏమీ తట్టలేదు. అరిచాను. గిన్నె గట్టిగా పెట్టాను. ఆయన కొట్టంలోకి పోయాడు.

ఊరంతా నా మీదే పడింది. చర్చిలో పాస్టరుగారు నా చెయ్యి పట్టుకుని, "మిసెస్ గాల్‌బ్రెయిత్, మనకి ఈసారి అవకాశం ఉందట కదా" అన్నాడు, మోక్షం గురించి చెబుతున్నట్టు. హెక్టర్ వంగిపోయిన వీపుతోనే మా ఇంటిదాకా నడిచొచ్చి బతిమాలాడు. సోర్లీ ఉత్తరాలివ్వడానికి వచ్చినప్పుడల్లా, "ఏమైంది వదినా?" అని అడగడం, నేను తల అడ్డంగా ఊపడం. మగవాడు కట్టనంటే ఊరు వాణ్ణి ఏమీ అనదు. పెళ్లాం చేతకానిదంటుంది.

మా ఆయన మాత్రం ఏమీ జరగనట్టే వెళ్లి తాడు లాగి వస్తున్నాడు. ఆటల రోజు వచ్చేసరికి ఏదో ఒకటి అవుతుందిలే అన్నట్టు. ఆవులు అమ్మాల్సి వచ్చినప్పుడూ అంతే. లారీ వాకిట్లోకి వచ్చిందాకా నోరు విప్పలేదు.

జూలై మధ్యలో ఒక శుక్రవారం నేను వంటింటి కిటికీ దగ్గర దుంపలు చెక్కు తీస్తున్నాను. ప్రాక్టీసు నుంచి వచ్చి మా ఆయన కొట్టం పక్క కొళాయి దగ్గర, ప్యాంటు తొడలదాకా మడిచి, సబ్బు పెట్టి కాళ్లు కడుక్కుంటున్నాడు. మోకాళ్ల మీద ఎర్రటి మందపాటి మచ్చలు, వాటి మీద తెల్లగా పొలుసులు. ఎప్పుడూ ఉండేవే. ఏదో ఈల వేస్తున్నాడు.

సందు మలుపులో సోర్లీ వ్యాన్ చప్పుడైంది.

ఈల ఆగిపోయింది. మా ఆయన సబ్బు కాళ్ల మీదికే ప్యాంటు లాక్కున్నాడు. ఎంత గాభరాగా లాక్కున్నాడంటే ఒంటికాలి మీద తూలి కొళాయి పట్టుకున్నాడు. సోర్లీ దిగి, మర్చిపోయిన టోపీ చేతికిచ్చి, కబుర్లలో పడ్డాడు. మా ఆయన కూడా నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ప్యాంటు అంచులనుంచి సబ్బు నురుగు బూట్లలోకి కారుతోంది.

నా చేతిలో దుంప అలాగే ఉండిపోయింది.

ఆ మోకాళ్లు నాకు కొత్త కాదు. పెళ్లయిన కొత్తలో, నొప్పి పెడుతుందా అని అడిగాను. లేదన్నాడు. సోరియాసిస్ అని డాక్టరు చెప్పాడు, తారు వాసనొచ్చే మందు ఇచ్చాడు, ఒకసారి తగ్గింది, ఇంకోసారి పెరిగింది. దుప్పట్లో రాలిన పొలుసులు ఎన్నిసార్లు దులిపానో లెక్కలేదు. నాకు అవి డూగల్డ్ మోకాళ్లు, అంతే. ఎండాకాలం గడ్డి కోసేటప్పుడు కూడా నిండు ప్యాంటే వేస్తాడు, సముద్రం దగ్గరికి రమ్మంటే రాడు, అది పశువుల మనిషి తీరు అనుకున్నాను. కట్టుకున్న మనిషి మొండితనానికి వెయ్యి కారణాలు వెతికాను, రోజూ నా కళ్లముందున్నది వదిలేసి.

ఆ రాత్రి కిల్ట్ మడిచి పెట్టెలో పెట్టేశాను. దాని ఊసెత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. మూడో రోజు ఆయనే ఓట్స్ జావ తాగుతూ అనుమానంగా చూశాడు.

"ఏమిటి, గొడవ లేదా?"

"లేదు."

"ఒంట్లో బాగుందా?"

"జావ తాగు."

నేరుగా నెట్టా దగ్గరికి వెళ్లాను. అంగట్లో ఎవరూ లేని వేళ చూసుకుని, "డూగల్డ్‌ని ప్యాంటుతోనే లాగనివ్వండి" అన్నాను.

"రూలు సంగతి ముందే చెప్పానుగా."

"రూలు మీ కమిటీ పెట్టుకున్నదే. ఈ ఒక్కసారికి సడలించండి. ఎందుకని అడక్కు."

"అడక్కుండా ఎలా ఎఫీ? కమిటీకి ఏదో ఒకటి చెప్పాలి. ఏం, మీ ఆయనకి కొయ్యకాలుందా?"

"ఉంటే నీ అంగడి తలుపు తన్నడానికి పనికొచ్చేది."

నెట్టా ముఖం ఎర్రబడింది. ఆమె మాటలోనూ న్యాయం లేకపోలేదు. "నేను ఒప్పుకున్నా గ్లెన్‌ఫార్ వాళ్లు ఒప్పుకుంటారా? ప్యాంటు వేసుకున్నవాడు తాడు పట్టాడని గోల చేసి, గెలిచినా గెలుపు చెల్లదంటారు. అప్పుడు మీ ఆయన్నే అందరూ ఆడిపోసుకుంటారు. అది నీకిష్టమా?"

కొనడానికి తీసిన చక్కెర పొట్లం అక్కడే వదిలేసి తలుపు విసురుగా వేసి వచ్చేశాను. ఇంటికొచ్చాక చూసుకుంటే టీలోకి చక్కెర లేదు.

మా ఊళ్లో మాట ఇల్లు చేరడానికి వ్యాన్ అక్కర్లేదుగానీ, ఆ మాట సోర్లీ వ్యాన్‌లోనే వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం మా ఆయన లోపలికి వచ్చి టోపీ తియ్యకుండానే నిలబడ్డాడు.

"నా ప్యాంటు గురించి నెట్టాతో పోట్లాడావట."

"పోట్లాడాను."

"నిన్నెవరు పోట్లాడమన్నారు?"

"ఎవరూ అనలేదు. నెల రోజులు కట్టుకోమని నీతో పోట్లాడాను. ఇప్పుడు కట్టుకోడని ఆవిడతో పోట్లాడుతున్నాను. ఈ వేసవంతా నాకు ఇదే పని. ఇంట్లో గుడ్డలు ఉతికి ఎన్నాళ్లయిందో చూడు!"

ఆయన చూడలేదు. కుర్చీ లాక్కుని కూచున్నాడు. పొయ్యి పక్కది కాదు, బల్ల దగ్గరిది.

"ఎందుకో చెప్పావా ఆవిడకి?"

"నువ్వు నాకు చెబితేగా, నేను ఇంకొకరికి చెప్పడానికి."

టోపీ తీసి దాని అంచు తిప్పాడు. "పన్నెండేళ్లప్పుడు" అన్నాడు. "ఇక్కడి ఆటల్లోనే. అమ్మ నాకు కిల్ట్ కట్టి తీసుకెళ్లింది. పిల్లలందరం చేతులు పట్టుకుని నాట్యం చెయ్యాలి. ఒకావిడ వచ్చి వాళ్లమ్మాయిని నా పక్కనుంచి లాగేసింది. ఆ పిల్ల చేతిని తన గౌను అంచుతో తుడిచింది. అందరి ముందూ."

"ఎవరావిడ?"

"పోయింది. అంత్యక్రియలకి కూడా వెళ్లాను. శాండ్‌విచ్‌లు బాగున్నాయి."

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. పోయినదాన్ని ఇప్పుడెళ్లి ఏమనను? కెటిల్ పొయ్యి మీద పెట్టాను. చక్కెర లేని టీ ఇద్దరికీ పోశాను.

"చూస్తారు ఎఫీ" అన్నాడు. "చివరి మనిషి వెనక్కి వాలాక ముందు కనబడేవి మోకాళ్లే."

చూడరని చెప్పొచ్చు. చెబితే అబద్ధం, ఆయనకీ తెలుసు.

"చూస్తారు" అన్నాను. "చూడకుండా ఎందుకుంటారు, కళ్లున్నాయిగా. చూస్తారు, ఒకడు పక్కవాడి చెవిలో ఏదో అంటాడు. ఈలోపు విజిల్ వేస్తారు. ఆ తర్వాత ఎవడు జారాడన్నదే చూస్తారు."

టీ తాగడం అయింది. కప్పు పక్కకి పెట్టాడు.

"ఏదీ, ఆ పావడా" అన్నాడు.

నేను నేల మీద మోకరించి బకిల్స్ పెట్టాను. జరిపి కుట్టినా ఊపిరి బిగబడితేగానీ అందలేదు. మేజోళ్లు పైకి లాగి, మోకాలి కింద మడిచి, కిల్ట్‌తో పాటు నడుముకి కట్టే తోలుసంచిని ముందువైపు సరిగ్గా వేలాడదీశాను. అద్దంలో అటూ ఇటూ చూసుకున్నాడు.

"నవ్వొస్తోందా?"

"వస్తోంది. మోకాళ్లని చూసి కాదు, పొట్టని చూసి."

ఆటల రోజు వాన పడింది. పడకపోతే ఆశ్చర్యం. బ్యాగ్‌పైపుల వాళ్ల టోపీల మీదినుంచి నీళ్లు కారుతున్నాయి, నుసుములు వానని కూడా లెక్కచెయ్యడం లేదు. నేను గుడారం అంచున గొడుగు కింద నిలబడ్డాను. కొంచెం దూరంలో నెట్టా. ఇద్దరం మాట్లాడుకోలేదు.

మా ఆయన మోకాళ్ల కిందికి దిగే కోటు వేసుకుని వచ్చాడు. ఎనిమిదిమందీ బరిలోకి దిగేటప్పుడు దాన్ని తీసి నా చేతికిచ్చాడు. ఇచ్చేటప్పుడు ఒక క్షణం వదల్లేదు. నేను లాక్కోలేదు. అప్పుడు వదిలాడు.

చూశారు. నాకు తెలుసు, నేను జనాన్నే చూస్తున్నాను. ఒకరిద్దరు తలలు వంచి ఏదో అనుకున్నారు. నెట్టా చూసింది, ఆ తర్వాత నా వైపు చూసింది, చప్పున తల తిప్పేసుకుంది.

తాడు చంక కిందుగా పోనిచ్చి, వీపు మీదుగా భుజం పైకి తెచ్చుకుని మా ఆయన సిద్ధంగా నిలబడ్డాడు. గ్లెన్‌ఫార్ వాళ్లలో మూరెడు గడ్డమున్న ఒకడు మెడ సాచి చూసి, పొలాల్లో కేకేసే గొంతుతో అడిగాడు.

"ఏమయ్యా, అది అంటుకుంటుందా?"

నా చేతిలోని కోటు నలిగిపోతోంది.

మా ఆయన తొందరపడలేదు. అరచేతుల్లో ఉమ్మేసుకుని తాడు సరిచేసుకున్నాడు.

"అంటుకోదు" అన్నాడు. "అయినా భయంగా ఉంటే తాడు వదిలెయ్యి."

మొదట సోర్లీ నవ్వాడు. తర్వాత జనమంతా. గ్లెన్‌ఫార్ వాళ్లు కూడా. గడ్డంవాడు మరీ పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వులోనే రెఫరీ విజిల్ వేశాడు, మావాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు, రెండు గుక్కల్లో మొదటి లాగుడు ఓడిపోయారు.

రెండోది గెలిచారు. మా ఆయన మడమలు నేలలో పాతేసి ఆకాశం వైపు మోకాళ్లు పెట్టి వాలిపోయాడు. "ఉండండి... ఉండండి..." అంటున్నాడు, ఈనే ఆవుతో అన్నట్టు. "ఇప్పుడు!" అన్నాడు. గ్లెన్‌ఫార్ అంతా బురదలో బోర్లా పడింది. నేను గొడుగు వదిలేసి ఏం అరిచానో నాకు తెలియదు. నెట్టా కూడా అరుస్తోంది. మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం ఎప్పుడు పట్టుకున్నామో, నాకైతే తెలియదు.

మూడోది ఓడిపోయాం. సోర్లీ కాలు జారింది. ఇంత చేసీ, వేసవంతా ఇంటినీ ఊరినీ అగ్నిగుండం చేసీ, చివరికి ఓటమి. కప్పు మళ్లీ గ్లెన్‌ఫార్ వ్యాన్ ఎక్కింది.

మా ఆయన్ని కారెక్కించడానికి గంట పట్టింది. జారింది తను కాదని సోర్లీ, నువ్వేనని మా ఆయన, మధ్యలో గడ్డంవాడు వచ్చి బీరు పట్టించి ఇద్దరిదీ తప్పంటాడు. ఎట్టకేలకి వచ్చి కూచున్నాడు. ఎనిమిది గజాల తడి ఉన్ని. కారంతా తడిసిన గొర్రె వాసన.

"వచ్చే ఏటికి ఇప్పట్నుంచే మొదలెట్టాలి" అన్నాడు. "మంగళవారం రమ్మన్నాను అందరినీ. ఇది చిన్నాన్నది, తిరిగి ఇచ్చెయ్యాలి. నాకు ఒకటి కుట్టించాలి. నడుం దగ్గర కాస్త వదులుగా."

నేను కారు కదిలించాను. ఏమైనా అంటే ఏడుస్తానో, కొడతానో తెలియలేదు.

ఊరి మధ్య చిప్స్ దుకాణం దగ్గర, "ఆపు, ఆకలేస్తోంది" అన్నాడు. నేను డబ్బుల సంచీ తీసుకుని దిగబోతుంటే, "నువ్వుండు, నేను తెస్తాను" అని దిగి వెళ్లాడు.

దుకాణం నిండా ఆటల నుంచి వచ్చిన జనం. అద్దానికి ఆవిరి పట్టింది. దాని వెనక దీపాల వెలుగులో మా ఆయన వరసలో నిలబడ్డాడు. కోటు కారులోనే వదిలేశాడు. వరస కదిలింది. ఆయన ముందుకి రావాల్సింది పోయి వెనకవాళ్ల వైపు తిరిగాడు. చేతులు చాచి, భుజం మీదికి లేని తాడు తెచ్చుకుని, వెనక్కి వాలి చూపిస్తున్నాడు. ఎవరో ఆయన్ని దాటుకుని ముందుకి పోయారు. ఇంకొకరు పోయారు. ఆయనకి పట్టలేదు. మొదటి లాగుడు అయింది, రెండోది మొదలెట్టాడు.

నాకు ఆకలి దంచేస్తోంది. కాళ్లు తడిసి మంచుగడ్డలయ్యాయి. హారన్ కొట్టాను.

ఆయన వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తాడు, ఆగమన్నట్టు.

మళ్లీ కొట్టాను.